వాషింగ్ మెషిన్ కండెన్సర్ పోతే: ఏది కొనాలి, ఎట్లా వెతకాలి



ఈ మధ్య మన గ్రూపులోకి వచ్చే వీడియోల్లో పురుగులవి తగ్గి మోటార్లవి ఎక్కువైనాయి. "గుయ్యిమంటా ఉంది, తిరగడం లేదు, ఏం చేసేది?" అని ఒకరు వాషింగ్ మెషిన్ వీడియో పెడతారు. ఇంకొకరు షెడ్డులో ఎగ్జాస్ట్ ఫ్యానుది పెడతారు. కృష్ణగిరి దిక్కు వాళ్లయితే ఎండాకాలం వస్తానే కూలర్‌ది పెడతారు. చానా మటుకు మూడిటికీ రోగం ఒకటే. మోటారు పక్కన అగ్గిపెట్టె అంతో, అంతకంటే కొంచెం పెద్దగానో ఉండే డబ్బా, అదే కండెన్సర్. పుస్తకాల్లో కెపాసిటర్ అని రాస్తారు, రెండూ ఒకటే. హోసూరు అంగళ్లలో తెలుగులో అడిగినా, తమిళంలో అడిగినా, కన్నడంలో అడిగినా కండెన్సర్ అంటే చాలు, ఒకటి తీసి ఇచ్చేస్తారు. ఆ ఇచ్చింది మన మోటారుకి సరైనదా కాదా అని చూసుకోవడమే ఈ వారం పాఠం.

వాషింగ్ మెషిన్‌ని పట్టుకొని చెప్తాను. అందులోని కండెన్సర్ కొంచెం చిక్కుది. ఇది వెతుక్కోవడం తెలిస్తే ఫ్యానుదీ కూలర్‌దీ సుళువే. పైగా మన ఇళ్లలో ఆ మెషిన్ బట్టలకు మాత్రమే కాదు గదా. పంటకీ పంటకీ నడుమ పడక తీసే వలలు, షెడ్డులో తొడుక్కునే గౌన్లు, తలుపులకు కట్టే గుడ్డలు అన్నీ అందులోనే పడతాయి. ఆ రెండు మూడు రోజులూ రెండు తొట్ల మెషిన్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరుగుతానే ఉంటుంది. అది నిలిచిపోతే వలలు చేత్తో ఉతకాల్సిందే. ఎవరి చేతులతో అనేది మీకు తెలుసు.

కండెన్సర్ ఏం చేస్తుంది

ఇంటికి వచ్చేది సింగిల్ ఫేజు కరెంటు. సెకనుకి 50 సార్లు అది అటూ ఇటూ ఊగుతుంది, అంతే. ఇసుర్రాయి దగ్గర ఒకరే కూర్చొని పిడిని నేరుగా తోసి, నేరుగా లాగి చూడండి. రాయి కదులుతుంది గానీ చుట్టు తిరగదు. పక్కన ఇంకొకరు కూర్చొని పావు చుట్టు తేడాతో చెయ్యి వేస్తే అప్పుడు గుండ్రంగా తిరుగుతుంది. మోటారులోనూ అంతే. లోపల రెండు వైండింగులు ఉంటాయి. ఒకదానికి కరెంటు నేరుగా పోతుంది. రెండోదానికి కండెన్సర్ గుండా పోతుంది, అందువల్ల కొంచెం ముందు వేళకు చేరుతుంది. రెండిటికీ వేళ తేడా వచ్చేసరికి అయస్కాంత బలం గుండ్రంగా తిరుగుతూ ఇరుసుని వెంట తిప్పుకొని పోతుంది. కండెన్సర్ పోయిందంటే ఇసుర్రాయి దగ్గర రెండో మనిషి లేచి పోయినట్టే. మొదటాయన ఎంత తోసినా గుయ్యిమనడమే.

లోపల ఉండేది పాలీప్రొపిలీన్ అనే సన్నటి ప్లాస్టిక్ పొర, దాని మీద ఇంకా సన్నటి లోహపు పూత. ఆ రెండిటినీ చాప చుట్టినట్టు చుట్టి డబ్బాలో పెడతారు. ఎక్కడైనా వోల్టేజి పొడుచుకొని ఆ పొరకు చిల్లు పడితే, చిల్లు చుట్టూ ఉన్న పూత ఆవిరైపోయి ఆ జాగా విడిపోతుంది, మిగతాది పని చేస్తానే ఉంటుంది. గాయాన్ని తనే మాన్పుకుంటుందన్న మాట. అయితే మాన్పుకున్న ప్రతిసారీ కొంచెం పూత పోయి, కండెన్సర్ కొలత తగ్గుతుంది. అందుకే ఇది ఎక్కువగా ఒక్కరోజులో చచ్చేది కాదు, నెలల తరబడి అరుగుతా వచ్చేది. "మెషిన్ బాగానే ఉంది గానీ నాలుగు వలలు వేస్తే మొరాయిస్తా ఉంది" అని ఎవరైనా అంటే నేను మొదట అనుమానించేది కండెన్సర్‌నే. ఫ్యాను నెమ్మదించడమూ ఇదే జాతి.

రోగం దానిదేనా అని ముందు తేల్చుకోండి

అంగడికి పరిగెత్తే ముందు వోల్టేజి చూడండి. మోటారు బలం వోల్టేజి తగ్గినంత మాత్రమే తగ్గదు, అంతకంటే వేగంగా పడిపోతుంది. 230 వోల్టులు ఉండాల్సిన చోట 160 వస్తే బలం సగానికి వచ్చేస్తుంది. ఊళ్లో సాయంత్రం పూట అన్ని మోటార్లూ ఒకేసారి పెట్టినప్పుడు మెషిన్ గుయ్యిమంటే అది లైను సంగతి కావచ్చు. గుర్తు ఏమంటే, ఇంట్లో ఫ్యాన్లన్నీ నెమ్మదిస్తే లైను, ఒక్కటే నెమ్మదిస్తే దాని సొంత రోగం.

తర్వాత ప్లగ్గు పీకేసి చేత్తో తిప్పి చూడాలి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గే పీకాలి. ఉతికే తొట్టి అడుగున ఉండే చక్రం చేత్తో తిప్పితే సులువుగా తిరగాలి. బిగుసుకొని ఉంటే కండెన్సర్ కొత్తది వేసినా లాభం లేదు. వలలు ఉతికే మెషిన్లలో నేను చూసినంతలో ఎక్కువగా వచ్చే తంటా ఇదే. వల అంచు దారం ఊడి, చక్రం కిందికి పోయి ఇరుసుకు చుట్టుకుంటుంది. నైలాను దారం తెగదు, మెల్లగా బిగుసుకుంటుంది. అక్కలకు ఒక మాట: వలల్ని పాత దిండు గలీబులో వేసి మూతి కట్టి మెషిన్లో వేయండి, ఈ పీడ ఉండదు. ఆకు తొడిమలు, రెట్ట బయటే దులపాలని వేరే చెప్పక్కరలేదు. నీళ్లు పిండే తొట్టికి ఇంకో రెండు తనిఖీలు ఉన్నాయి. మూత ఎత్తితే ఆపే బ్రేకు వైరు తుప్పు పట్టి సరిగ్గా వదలకపోయినా అది గుయ్యిమంటుంది. తొట్టి కిందికి చిన్న గుడ్డ జారినా అంతే.

చేత్తో తిప్పితే సాఫీగా తిరుగుతుంది, కరెంటు ఇస్తే గుయ్యిమని ఆగుతుంది అంటే అప్పుడు కండెన్సర్ మీదకు పోవాలి. ఉతికే మోటారులో ఇంకొక మంచి ఆనవాలు ఉంది. అది కుడికీ ఎడమకీ మార్చి మార్చి తిరుగుతుంది గదా. అందులోని రెండు వైండింగులూ ఒకే రకం. టైమరు ఒకసారి ఒకదాన్ని కండెన్సర్ గుండా, ఇంకోసారి రెండోదాన్ని కండెన్సర్ గుండా కలుపుతుంది, దిక్కు మారేది అట్లానే. రెండు దిక్కులకూ కండెన్సర్ ఒకటే. కాబట్టి ఏ దిక్కుకూ తిరగకపోతే కండెన్సర్ పోయి ఉండొచ్చు. ఒక దిక్కుకి బాగా తిరిగి రెండో దిక్కుకి మాత్రం నిలిచిపోతా ఉంటే కండెన్సర్ మంచిదే, టైమరునో వైర్లనో చూపించాలి. ఈ ఒక్క ఆనవాలు తెలిస్తే చానా మందికి ఊరికే కొనే ఖర్చు తప్పుతుంది.

పరీక్ష చేసేటప్పుడు రెండు మూడు సెకన్లకు మించి గుయ్యిమననివ్వొద్దు. తిరగకుండా నిలబడ్డ మోటారు, తిరిగేటప్పటి కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఆ కరెంటంతా వేడిగా మారి వైండింగు మీద వార్నిష్‌ని కాలుస్తుంది. రెండు మూడు వందల లోపు పోయేది వేలల్లోకి దిగేది అక్కడే. కరెంటు ఉండగా తొట్టిని చేత్తో తిప్పి "చూడు, ఇప్పుడు తిరిగింది" అని చూపించే వాళ్లున్నారు. ఆ పని చేయొద్దు. పిండే తొట్టి ఒకసారి అందుకుందంటే వేలు వెనక్కి తీసుకునే వ్యవధి ఇవ్వదు.

ముందు వైపు గుండ్రటి తలుపుండే మెషిన్లకు ఈ పాఠం పనికి రాదు. వాటిలో కార్బన్ బ్రష్షుల మోటారో, ఇన్వర్టర్ మోటారో ఉంటుంది, దాన్ని నడిపేందుకు ఇట్లాంటి కండెన్సర్ ఉండదు. పైన మూత ఉండే రకాల్లో కూడా ఇన్వర్టర్ అని రాసి ఉంటే అంతే. వాటికి కంపెనీ మెకానిక్‌నే పిలవండి.

విప్పేటప్పుడు

ప్లగ్గు పీకినాక కూడా కండెన్సర్‌లో కరెంటు నిలవ ఉంటుంది. ఎంతసేపు ఉంటుందో నమ్మకం లేదు. మెషిన్ వెనక రేకు విప్పినాక ముందు దాన్ని ఖాళీ చేయాలి. పాత రకం 60 వాట్ల బల్బు హోల్డరుకు రెండు వైర్లు కట్టి, ఆ కొసల్ని కండెన్సర్ రెండు కొసలకు కొన్ని సెకన్లు తాకించండి. నిలవ ఉన్నది బల్బులో పోతుంది. మూడు వైర్ల కండెన్సర్ అయితే ఒక్కో జతకూ విడివిడిగా తాకించాలి. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి టప్పుమనిపించడం చానామందికి అలవాటు. దాంతో కొసలు కాలతాయి, కొన్నిసార్లు మంచి కండెన్సర్ కూడా పాడైపోతుంది.

తర్వాత ఫోన్ తీసి నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయండి. ఏ రంగు వైరు ఏ కొసకు ఉందో కనపడాలి. రంగులకు కంపెనీకీ కంపెనీకీ పొంతన లేదు, కాబట్టి "ఎర్రది పెద్దదానికి" అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. మీ ఫోటోనే నమ్మండి.

లేబుల్ మీద ఏముంది

ఇక అసలు పాఠం. పాత కండెన్సర్‌ని తుడిచి వెలుతురులో పట్టుకోండి.

మొదట కొలత. మైక్రోఫారడ్లలో ఉంటుంది. ఎం.ఎఫ్.డి. అనో, తోక ఉన్న యు అక్షరం పక్కన ఎఫ్ అనో రాసి ఉంటారు. ఫారడ్ అనేది మైకేల్ ఫారడే అనే ఇంగ్లండు శాస్త్రవేత్త పేరు మీద పెట్టింది, అందులో పది లక్షల వంతు మైక్రోఫారడ్. రెండు తొట్ల మెషిన్‌లో మీకు చానా మటుకు కనపడేది 10+4, 10+5, 10+6, 9+4 ఇట్లాంటి జంట అంకెలు. అంటే ఒకే డబ్బాలో రెండు కండెన్సర్లు. పెద్ద అంకె ఉతికే మోటారుది, చిన్న అంకె పిండే మోటారుది. మూడు వైర్లు వస్తాయి, ఒకటి రెండిటికీ ఉమ్మడి. ఒక్క తొట్టి ఆటోమేటిక్ రకంలో ఒకే అంకె ఉంటుంది, ఎక్కువగా 10 నుంచి 15 లోపల. సీలింగ్ ఫ్యానుకి 2.5 మామూలు. ఎగ్జాస్ట్ ఫ్యాన్లకి, కూలర్లకి 2.5, 3.15, 4 ఇట్లా సైజుని బట్టి ఉంటాయి.

ఈ అంకె ఉన్నది ఉన్నట్టే కావాలి. పక్కన ±5% అని ఉంటుంది. అంటే 10 అని రాసిన దాన్ని మీటరుతో చూస్తే 9.5 నుంచి 10.5 లోపల ఎంతైనా మంచిదే. "పెద్దది వేస్తే బలం ఎక్కువ" అనేది తప్పు నమ్మకం. మా పక్క ఊళ్లో ఒకాయన 10+4 మెషిన్‌కి 15+5 తెచ్చి వేసినాడు. అంగట్లో అదే ఉందని ఇచ్చినారంట. మెషిన్ తిరిగింది, వారం పది రోజులు ఆయన సంతోషంగానే ఉన్నాడు. మూడో వారం కాలిన వాసన. కొలత పెరిగితే రెండో వైండింగులో కరెంటు పెరుగుతుంది, ఆ తీగ అంత కరెంటు కోసం చుట్టింది కాదు. చిన్నది వేస్తే ఆ ముప్పు వేరే దారిలో వస్తుంది, బలం చాలక మోటారు నిలిచి నిలిచి వేడెక్కుతుంది.

రెండోది వోల్టులు. మన ఇంట్లో 230 గదా, 250 వోల్టులది చాలదా అని అడుగుతారు. చాలదు. మోటారు తిరిగేటప్పుడు కండెన్సర్ రెండు కొసల నడుమ వోల్టేజి ఇంటి కరెంటు కంటే పైకి పోతుంది, 300 దాటడం మామూలే. అందుకే 440 అనో 450 అనో ఉంటుంది. దీన్ని ఎక్కువ తీసుకోవచ్చు, తక్కువ మాత్రం ఎప్పుడూ తీసుకోకూడదు. కొలతకూ వోల్టులకూ రూలు వేరు వేరు అని గుర్తు పెట్టుకోండి.

మూడోది చానామంది చూడనిది, మనలాంటి వాళ్లు తప్పకుండా చూడాల్సింది. 25/70/21 అనో, 25/85/21 అనో మూడు అంకెలు ఉంటాయి. మొదటిది చలి: సున్నాకి కింద 25 డిగ్రీల వరకూ ఓర్చుకుంటుంది, మన హోసూరు చలికి దాంతో పని లేదు. నడిమిది వేడి: 70 డిగ్రీలా, 85 డిగ్రీలా. మూడోది తేమ పరీక్ష, అన్ని రోజులు వేడి తేమలో పెట్టి చూసినారని అర్థం. చాకీలో మనం 85 నుంచి 90 శాతం తేమ పెట్టి, 27, 28 డిగ్రీల వేడి ఉంచుతాం. పట్టణంలో హాల్లో తిరిగే ఫ్యాను కండెన్సర్‌కి ఆ కష్టం లేదు. చివరి అంకె 21 ఉన్నది, నడిమి అంకె 85 ఉన్నది తీసుకోండి. ధరలో తేడా పెద్దగా ఉండదు.

వోల్టుల పక్కన ఎ, బి, సి, డి అని ఒక అక్షరం కూడా ఉండొచ్చు. అది ఆయుష్షు. బి అంటే 10,000 గంటలు, సి అంటే 3,000, డి అంటే 1,000. ఎ అంటే 30,000, అది మనకు అంగట్లో దొరికేది తక్కువ. కొన్నిటి మీద 400 దగ్గర బి, 450 దగ్గర సి అని రెండూ రాసి ఉంటాయి. ఒకటే కండెన్సర్, తక్కువ వోల్టేజిలో వాడితే ఎక్కువ కాలం ఉంటుందని చెప్పడం. లెక్క వేసి చూడండి. వాషింగ్ మెషిన్ రోజుకి గంట తిరిగితే ఏడాదికి 365 గంటలు, సి రకమైనా ఎనిమిదేళ్లు వస్తుంది. అదే షెడ్డు ఎగ్జాస్ట్ ఫ్యాను రోజుకి 12 గంటలు, పంటకి 25 రోజులు, ఏడాదికి 5 పంటలు అనుకుంటే 1,500 గంటలు. సి రకం రెండేళ్లకే ఐపోతుంది, బి రకం ఆరేళ్లు దాటుతుంది. ఇది కాగితం లెక్క, వేడీ వోల్టేజీ బట్టి మారుతుంది. అయినా మెషిన్‌కి ఏది కొనాలి, షెడ్డుకి ఏది కొనాలి అనేది దీంతో తెలిసిపోతుంది.

సీబీబీ60, సీబీబీ61 అని కూడా కనపడుతుంది. మన సీబీ గూళ్లకూ దానికీ సంబంధం లేదు! గుండ్రటి డబ్బా రకం 60, ఫ్యాన్లలో ఉండే చదరపు డబ్బా రకం 61. ఆకారం పేరు అనుకోండి. ఐఎస్ 2993 అనేది మోటారు కండెన్సర్లకు మన దేశపు ప్రమాణం నంబరు. అదీ, ఐఎస్ఐ గుర్తూ ఉంటే మంచిది. పీ2 అని ఉంటే, లోపల చెడిపోయినప్పుడు మంట రాకుండా తనే తెగిపోయే ఏర్పాటు ఉందని అర్థం. పీ0 అంటే ఆ ఏర్పాటు లేదు. ఎండిన ఆకు, పేపరు, చంద్రికలు ఉండే షెడ్డులో నేనైతే పీ2 వెతుకుతాను.

లేబుల్ చెరిగిపోతే మెషిన్ వెనక రేకు లోపలి వైపు చూడండి, వైరింగ్ బొమ్మ అంటించి ఉంటారు, అందులో కొలత ఉంటుంది. లేకుంటే మోటారు మీది పలక. అదీ లేకుంటే మెషిన్ మోడల్ నంబరు కంపెనీ ఫోన్‌కి చెప్పి అడగండి. డబ్బా సైజు చూసి అంచనా వేసుకోవద్దు. కొత్తవి చిన్నగా వస్తాయి, పాతవి అదే కొలతకి పెద్దగా ఉండేవి.

అంగట్లో

నా అభిప్రాయంలో హోసూరులో గానీ కృష్ణగిరిలో గానీ ముందు పోవాల్సింది మోటారు వైండింగు అంగడికి. సామాన్లు మాత్రమే అమ్మే అంగట్లో ఉన్నది అంటగట్టే వీలు ఎక్కువ. వైండింగు చేసేవాడు రోజూ కాలిన మోటార్లు చూసేవాడు కాబట్టి తప్పుడు కొలత ఇవ్వడానికి వెనకాడతాడు. పాతదాన్ని చేతిలో పట్టుకొనే పోండి. "వాషింగ్ మెషిన్ కండెన్సర్ ఇవ్వండి" అని అడగొద్దు, "10+4, 440 వోల్టులు, మూడు వైర్లు" అని అడగండి. మీటరు ఉంటే పాతదీ కొత్తదీ రెండూ అక్కడే పెట్టి చూపించమనండి. పాతది రాసిన దాని కంటే పది శాతానికి మించి తగ్గి ఉంటే పోయినట్టే. 10 అని రాసింది 7 చూపిస్తే కొత్తది తీసుకోండి. పాతది 9.8 చూపిస్తే డబ్బులు జేబులో పెట్టుకొని ఇంటికి రండి, రోగం వేరే చోట ఉంది. ఉబ్బినదీ, కారినదీ అయితే మీటరు కూడా అక్కరలేదు.

అక్కడ దొరకకపోతే బెంగళూరు ఎస్పీ రోడ్డు ఉండనే ఉంది, హోసూరు నుంచి 40 కిలోమీటర్లు. రామనగరకి గూళ్లు తీసుకపోయే వాళ్లు ఎవరైనా ఉంటే వచ్చేటప్పుడు తెమ్మనొచ్చు, లేబుల్ ఫోటో పంపితే చాలు. ఫోన్‌లో ఆర్డర్ పెడితే రావడానికి మూడు నాలుగు రోజులు. వాషింగ్ మెషిన్‌కి ఆ నాలుగు రోజులు ఓర్చుకోవచ్చు. షెడ్డు ఫ్యానుకి ఓర్చుకోలేం.

ఇక జంటది దొరకనప్పుడు ఏం చేయాలి. విడివిడిగా 10 ఒకటి, 4 ఒకటి దొరుకుతాయి. రెండిటిలోనూ ఒక్కో కొస తీసి కలిపితే అదే ఉమ్మడి వైరు, మిగిలిన రెండూ పాతదాని రెండు వైర్ల స్థానంలోకి. లోపల వాళ్లు చేసిందీ అదే. ఉతికేది బాగా తిరుగుతూ పిండేది మాత్రమే పోయి ఉంటే, ఆ చిన్నది ఒక్కటే కొత్తది వేసి, పాతదాని చిన్న వైపు వైరు విప్పి కొసకి టేపు చుట్టేయొచ్చు. సరైన అంకె లేకపోతే రెండిటిని పక్క పక్కన కలిపితే కొలతలు కూడతాయి: 6 కి 4 కలిపితే 10, రెండు 2.5 లు కలిపితే 5. రెండూ 440 వోల్టులవే కావాలి. ఒకదాని వెనక ఒకటి వరుసగా కలిపితే మాత్రం కూడవు, తగ్గుతాయి. రెండు 10 లు వరుసగా కలిపితే 5 అవుతుంది.

క్లాంప్ మీటరు ఉన్న ఎలక్ట్రీషియన్ తమ్ముళ్లకు ఒక సూత్రం. మోటారు తిరుగుతున్నప్పుడు కండెన్సర్ వైరులో పోయే ఆంపియర్లను 3183 తో గుణించి, కండెన్సర్ కొసల నడుమ వోల్టులతో భాగిస్తే మైక్రోఫారడ్లు వస్తాయి. 1 ఆంపియరు, 320 వోల్టులు అయితే 9.95, అంటే 10 ది మంచిగా ఉన్నట్టే. ఇది కరెంటు ఉండగా చేసే పని, అలవాటు లేని వాళ్లు ముట్టుకోవద్దు.

షెడ్డులో ఒకటి స్పేరు

ఈ పాఠం మెషిన్ కోసం మాత్రమే రాసింది కాదని మీకు అర్థమయ్యే ఉంటుంది. నూరు గుడ్లకు 40 నుంచి 50 వేల పురుగులు. పంట మొత్తానికి తినే ఆకులో ఎనభై శాతం పైగా నాలుగో జ్వరం దాటినాకనే తింటాయి. అంటే ఆకు ఖర్చు, కూలి ఖర్చు అంతా వాటి కడుపులోకి పోయినాక వచ్చే వారం అది. ఆ వారం మనకు కావాల్సింది 24 డిగ్రీల దగ్గర వేడి, 65 నుంచి 70 శాతం తేమ, ఆడే గాలి. పండిన పురుగుల్ని చంద్రికలకు ఎక్కించినాక గాలి ఇంకా ముఖ్యం. గూడు కట్టే ముందు పురుగు ఒంట్లో నీళ్లన్నీ వదులుతుంది. ఆ తేమ బయటికి పోకపోతే గూడు చూడటానికి బాగానే ఉంటుంది, రీలరు చేతిలో దారం తెగుతుంది, మార్కెట్లో రేటు తెగుతుంది. ఐదో దశ ఏడెనిమిది రోజులు, పార్సెల్ నాలుగు రోజులు. లెక్క మీరే వేసుకోండి.

కాబట్టి చాకీ పురుగులు ఇంటికి రాకముందే షెడ్డులో ఉన్న ప్రతి ఫ్యానూ, కూలరూ కండెన్సర్ అంకెలు ఒక కాగితం మీద రాసి తలుపు వెనక అంటించండి. ఒక్కో అంకెకు ఒకటి కొని పెట్టుకోండి. అర్ధరాత్రి ఎగ్జాస్ట్ నిలిచిపోయి, చేతిలో స్పేరు లేకపోతే, ఇంట్లో సీలింగ్ ఫ్యాను కండెన్సర్ అంకె చూడండి. ఎగ్జాస్ట్‌దీ 2.5, సీలింగ్ ఫ్యానుదీ 2.5 అయితే తీసుకపోయి వేయండి. ఆ రాత్రికి మనం విసనకర్రతో గడుపుకోవచ్చు. అంకెలు వేరైతే ఆ పని వద్దు, కిటికీలన్నీ తెరిచి తెల్లారేదాకా కాచుకోండి, వలతెర మాత్రం తీయకండి, ఊజి ఈగ కాచుకొని ఉంటుంది.

షెడ్డు శుద్ధి చేసేటప్పుడు బ్లీచింగ్ పౌడరు గానీ క్లోరిన్ డయాక్సైడ్ గానీ కొడతాం. ఆ మందు రాగి కొసల్ని పచ్చగా తినేస్తుంది. కండెన్సర్ మంచిదే ఉండి కొస తెగి మోటారు నిలిచినవి నేను చానా చూసినాను. మందు కొట్టే ముందు మెయిన్ ఆపి, మోటార్లకు ప్లాస్టిక్ కవరు కట్టండి, ఆరినాక విప్పండి. స్పేరు కండెన్సర్లు కూడా షెడ్డులో పెట్టొద్దు. ఇంట్లో మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టండి.

బోరు మోటారు పెట్టెలో ఉండేవి వేరే సంగతి, ఇంకో వారం రాస్తాను. ఇప్పటికి ఒక్కటి చెప్తాను. సింగిల్ ఫేజు బోరు పెట్టెలో రెండు రకాలు ఉంటాయి. 36, 50, 72 ఇట్లాంటి అంకె, 440 వోల్టులు ఉండేది నడిచేంత సేపూ పని చేసేది. 100-120, 120-150 ఇట్లా రెండు అంకెల నడుమ గీత ఉండి, వోల్టులు తక్కువగా ఉండే నల్లటి డబ్బా స్టార్టింగు అప్పుడు కొన్ని సెకన్లు మాత్రమే పని చేసేది. రెండోదాన్ని మొదటిదాని స్థానంలో వేస్తే పగిలిపోతుంది. పగిలినప్పుడు మొహం దగ్గర ఉండకూడదు. వాషింగ్ మెషిన్, ఫ్యాను కండెన్సర్ని స్పేరుగా ఏళ్ల తరబడి దాచుకున్నా పెద్దగా చెడదు. ఈ స్టార్టింగు రకం మాత్రం ఊరికే పెట్టినా లోపల ఎండిపోతుంది, కాబట్టి దాన్ని కొనేటప్పుడు తయారైన తేదీ చూసి కొనండి.

లేబుల్ చెరిగిపోయిన వాళ్లు మోటారు పలక ఫోటో, మెషిన్ మోడల్ నంబరు గ్రూపులో పెట్టండి. అదే మెషిన్ మనలో ఎవరింట్లోనో ఉంటుంది, వాళ్లు వెనక రేకు విప్పి చూసి చెప్తారు.